పడవ కిటికీలు

గజపతినగరమునకు సముద్రము లేదు. చంపావతి కలదు. వేసవిలో ఇసుకతిన్నెల నడుమ సన్నని పాయగా పారి, వానలలో గట్టుల నొరసి పోవు ఆ యేరు కోనాడ వద్ద సముద్రములో కలియును గాని, మన ఊరివద్ద దానిపై తెరచాప నావ నడువదు. కావున ఈ ఊరివారమైన మేము తెరచాప పడవకు కిటికీలు మార్చుటను గూర్చి ప్రసంగింప బూనుట కొందరు శ్రోతలకు విడ్డూరముగా తోచవచ్చును. అయినను మన మెట్టపొలముల గోగునార ఒకప్పుడు ఎడ్లబండ్లపై భీమునిపట్నమునకు పోయి, అచ్చటనుండి ఓడలెక్కి దేశాంతరములకు పోయినదే. ఆ రేవు పేరే నారకు అంటి, లోకమున దానిని బిమ్లీపట్నం జనుము అని వ్యవహరించిరి. భీమిలిలో పెద్ద ఓడలు ఒడ్డునకు రాలేవు. అవి దూరమున లంగరు వేసి నిలిచెడివి. విరిగిపడు అలలను దాటించి సరకును వాటికి చేర్చినవి మసూలా పడవలు, అనగా కుట్టుపడవలు. ఈ కుట్టుపడవ మా ప్రసంగములో మరల వచ్చును. శ్రోతలు దానిని కొంచెము జ్ఞాపకముంచుకొనవలెను.

విశాఖపట్టణములో మా బావమరదికి 26 అడుగుల తెరచాప పడవ యొకటి కలదు. దేహము ఫైబర్ గ్లాసు. లోపల నలుగురు పడుకొనుటకు చాలినంత గది. ఆ గదికి ఇరుప్రక్కల ఒక్కొక్క కిటికీ. తెరచుట, మూయుట లేని బిగింపు కిటికీలవి. 90 సెంటీమీటర్ల పొడవు, 20 సెంటీమీటర్ల ఎత్తు. చూచుటకు అద్దమే గాని నిజమునకు అద్దము కాదు, ఆక్రిలిక్ అను పారదర్శకమైన ప్లాస్టిక్ పలక. పడవ ముందుభాగమున, డెక్కుపై, మనిషి దూరుటకు చాలిన చదరపు మూతతలుపొకటి యున్నది. నావికులు దానిని హాచ్ అందురు. మేమును అట్లే అందుము.

ఆ కిటికీలు కారుచుండెను. ఊరిలోని ఒక పనివానిచేత వాటిని విప్పించి, క్రొత్త పలకలు వేయించి, సిలికోను లప్పము దట్టముగా పూయించి బిగించితిమి. ఆ పనివానిని నిందింపబోము. తప్పులో సగము మాదే. దగ్గర నిలిచి 'ఇంకను బిగించు, ఇంకను బిగించు' అని పురికొల్పినవారము మేమే. ప్రక్కలనుండి లప్పము ముద్దలు ముద్దలుగా వెలికి వచ్చుచుండగా, 'ఇక నీటిబొట్టునకు దారి ఎక్కడ?' అని సంతోషించితిమి. ఒక వేసవి గడచినది. తొలకరి వానలో పడవలో పడుకొన్న మా బావమరది అర్ధరాత్రి ఫోను చేసినాడు. "బావా, నువ్వు బిగించిన కిటికీ నా మొహం మీద ఏడుస్తోంది" అన్నాడు.

మరునాడు పోయి చూచితిమి. పలక పగులలేదు. బోల్టులు వదులు కాలేదు. లప్పము మాత్రము ఒక అంచున పలక నుండి ఊడి, గోరు దూరునంత సన్నని సందు పడినది. ఎందువలన?

వేడికి వస్తువులు వ్యాకోచించునని చిన్నతరగతులలోనే చదువుకొన్నాము. అయితే అన్నియు ఒకే కొలతలో వ్యాకోచింపవు. ఎండలో 30 డిగ్రీల వేడి పెరిగినదనుకొందము. 90 సెంటీమీటర్ల గాజుపలక పొడవు సుమారు పావు మిల్లీమీటరు పెరుగును. అదే పొడవుగల ఆక్రిలిక్ పలక దాదాపు 2 మిల్లీమీటర్లు పెరుగును. దానిని మోయుచున్న ఫైబర్ గ్లాసు గోడ ఒక మిల్లీమీటరైనను పెరుగదు. అనగా ప్రతి పగలు పలక గోడపై ప్రాకుచున్నది, ప్రతి రాత్రి వెనుకకు ముడుచుకొనుచున్నది. ఈ ఇరువురి నడుమ నున్నది లప్పము. అది 3 మిల్లీమీటర్ల మందమున్నచో ఆ కదలికకు లొంగి, రబ్బరువలె సాగి, మరల యథాస్థితికి రాగలదు. మేము బిగించి బిగించి దానిని చిత్తుకాగితమంత పలుచన చేసితిమి. కాగితమంత పొర అంత కదలికకు ఎక్కడ సాగగలదు? చినిగినది. మేము బయటికి వెలికివచ్చిన ముద్దలను చూచి మురిసినది, లోపల ఉండవలసిన దానిని చూచి కాదు.

ఈ సంగతి మాకు గ్రంథములు చూచిన తరువాత తెలిసినది. భీమిలిలో ఒక వృద్ధ మత్స్యకారునకు గ్రంథముతో పని లేకయే తెలిసియుండెను. బావమరదియు మేమును ఒక ఆదివారము అచ్చటికి పోయి, ఇసుకపై కూర్చుండి మా గోడు చెప్పుకొంటిమి. ఆయన నవ్వి, "అంత బిగింపేటి బాబూ? సెక్క కదల్నీకుండా బిగిత్తే సెక్కే ఇరుగుతాది గానీ కెరటం ఆగుతాదేటి?" అన్నాడు.

"మరి మీ తాతలు ఏం చేసేవారు తాతా?" అని అడిగితిమి.

"కుట్టీవోరు" అన్నాడు.

కుట్టుపడవకు మేకు లేదు, లోపల ప్రక్కటెముకల వంటి కొయ్యలును లేవు. పలక అంచులకు రంధ్రములు వేసి, సందుపై గడ్డినో పీచునో మెత్తగా పరచి, దానిమీదుగా కొబ్బరిపీచు త్రాటితో పలకను పలకకు కుట్టెడివారు. అల విరిగి పడవను ఇసుకపై మోదినపుడు పలకలు ఒకదానిపై ఒకటి కొంచెము కదలి, దెబ్బను తమలో పంచుకొనును. మేకులతో బిగించిన పాశ్చాత్యుల చిన్నపడవలు ఈ తీరపు అలలలో నిలువలేకపోవుట చూచి, శతాబ్దముల పాటు పరదేశపు ఓడలవారందరు మన కుట్టుపడవలనే నమ్ముకొనిరి. ఆ పడవలు నీరు బొత్తిగా పట్టనివని చెప్పరాదు. ఊరెడి నీటిని ఎప్పటికప్పుడు తోడి పోయవలసియుండెడిది. నేడు మన తీరమున వాటి స్థానమును చాలవరకు ఫైబర్ పడవలు ఆక్రమించినవి. అయినను ఆ వృద్ధుడు చెప్పిన న్యాయము మాత్రము మా ఆక్రిలిక్ కిటికీకి అక్షరాల సరిపోయినది. సందును మెత్తగా ఉంచవలెను, బిగువు నమ్మరాదు.

ఇక పని మొదలిడితిమి. క్రొత్త పలక అమర్చుట ఒక పూట పని. పాత లప్పమును తొలగించుట మూడు దినముల పని. ఇది వినుటకు హాస్యముగా నుండును గాని, సిలికోనుతో వ్యవహరించినవారికి తెలియును. దాని పొర కంటికి కనబడకుండ ఉపరితలమున అంటియుండును. దానిపై రంగు నిలువదు, మరొక లప్పము పట్టదు. మొద్దు ఉలితో గీకి, గరుకుకాగితముతో రుద్ది, కడిగి, చివరకు ఒక పరీక్ష చేసితిమి. ఆ చోట నీరు చల్లితిమి. తామరాకుపై వలె నీరు ముత్యములుగా చేరినచో పొర ఇంకను ఉన్నదన్నమాట. తడిగుడ్డ పరచినట్లు నీరు సమముగా అలముకొన్నచో శుభ్రమైనది. మాకు తామరాకు నాలుగుమారులు కనబడినది.

అప్పుడు మరొక సంగతి బయటపడినది. మా పడవ గదిగోడ ఒకే పొర కాదు. రెండు ఫైబర్ పొరల నడుమ తేలిక కొయ్య కూర్చియున్నారు. కిటికీ కోసిన చోట ఆ కొయ్య అంచు బయలుపడును. ఏండ్ల తరబడి కారిన నీరు అందులో దిగినది. కుండ కొనునపుడు మన ఆడవారు వ్రేలితో వాయించి చూచినట్లు, మేము చెంచాతో గోడ పొడవున వాయించి చూచితిమి. బాగున్న చోట కంగుమన్నది, క్రుళ్లిన చోట బొద్దుమన్నది. ఎడమ కిటికీ క్రింద ఒక జానెడు మేర బొద్దుమన్నది. మొగముపై పడిన చుక్క చిన్నదే గాని, దానికి ముందుగా గోడలో దిగినది కుంచెడు! మెత్తబడిన కొయ్యను కొక్కెముతో లాగివేసి, నాలుగు దినములు ఆరనిచ్చి, ఆ గాడిని ఎపాక్సీ ముద్దతో పూడ్చితిమి. అంచు అంతటను ఎపాక్సీ పూసితిమి. ఇకపై లప్పము విఫలమైనను నీరు గదిలోనికి వచ్చును గాని గోడలోనికి పోదు. గదిలోని నీటిని తుడువవచ్చును.

పలకను మాటవరసకు పాతదానిపై పెట్టి గీత గీసి కోయుట తేలిక. రంధ్రములు వేయుటలోనే ప్రమాదము. ఇనుమునకు వాడు పదునైన బరమా ఆక్రిలిక్‌ను కొరికి లాగి, అంచు చిట్లించును. కావున దాని మొనపదును కొంచెము మొద్దుపరచి, పలక క్రింద కొయ్యదిమ్మ పెట్టి, మెల్లమెల్లగా త్రిప్పవలెను. 5 మిల్లీమీటర్ల బోల్టునకు 7 మిల్లీమీటర్ల రంధ్రము వేసితిమి. పలక ప్రాకుటకు చోటు కావలెను గదా! తలమేకువలె లోనికి దిగు తల గల బోల్టును వాడరాదు. ఆ తల ఏటవాలు చీలవలె పనిచేసి పలకను చీల్చును. చదునైన తల, దాని క్రింద వెడల్పు వాషరు ఉండవలెను. పలకను ఆల్కహాలుతోగాని, రంగు పలుచన చేయు ద్రావకములతోగాని తుడువరాదు. అట్లు తుడిచిన పలకలో కొంతకాలమునకు సాలెగూడు వంటి సన్నని పగుళ్లు పుట్టును. సబ్బునీరు చాలును.

లప్పముల విషయమున అంగడివారు ఎన్నో చెప్పుదురు. పాలీసల్ఫైడు లప్పము కొయ్యకు, లోహమునకు మంచిదే గాని ఆక్రిలిక్‌ను తినివేయును. పాలీయురేథేను జిగట గట్టిదే గాని, పారదర్శకమైన పలకగుండ ఎండ దానిపై పడినచో కాలక్రమమున పట్టు సడలును. బ్యూటైలు పట్టీ ఎన్నటికిని గట్టిపడని జిగురు. లోహపు చట్రముల క్రింద అది మేలైనది. చట్రము లేని మా కిటికీకి మేము ఎన్నుకొన్నది మరల సిలికోనే! అయితే ఈమారు పుల్లని వాసన వేయునది కాదు, అద్దముల అమరికకై చేసిన తటస్థ జాతిది. తిట్టినదానినే మరల తెచ్చుకొంటిమని మా బావమరది ఎగతాళి చేసినాడు. పదార్థమునందు దోషము లేదు. దానిని మేము ఉంచిన తీరునందే దోషము.

ఈమారు గోడకు పలకకు నడుమ అక్కడక్కడ 3 మిల్లీమీటర్ల రబ్బరు బిళ్లలు అంటించితిమి. వాటివలన పలక ఎంత నొక్కినను 3 మిల్లీమీటర్ల మందము తగ్గదు. లప్పము ధారాళముగా, నడుమ గాలి చిక్కకుండ పరచి, పలకను ఒక ప్రక్కనుండి మెల్లగా ఆనించి, బోల్టులను చేతివ్రేళ్లతో త్రిప్పితిమి. బిళ్లలకు ఆనగానే ఆపితిమి. రెంచి పెట్టెలోనుండి తీయనే లేదు. చేయి ఊరకుండలేదని మాత్రము ఒప్పుకొనవలెను. ఒక చుట్టు, ఇంకొక్క చుట్టు అని అది దురద పెట్టుచుండెను.

ఆపై ఎదురుచూచుట. ఈ లప్పము గాలిలోని తేమతో, అంచులనుండి లోపలికి, దినమునకు 2, 3 మిల్లీమీటర్ల వంతున గట్టిపడును. 30 మిల్లీమీటర్ల వెడల్పు పట్టీ ఇరువైపులనుండి గట్టిపడుటకు ఒక వారము కావలెను. మేము 10 దినములు పడవను ముట్టుకొనలేదు.

ఒక చుక్క నీటికి ఇంత హంగామా ఎందులకని శ్రోతలు అడుగవచ్చును. ఒక ఘనమీటరు సముద్రపు నీరు టన్నునకు పైగా తూగును. పడవ ప్రక్కకు ఒరిగి కిటికీ ఒక మీటరు నీటిలో మునిగెనా, మా చిన్న కిటికీపై దాదాపు 180 కిలోల భారము, అనగా ముగ్గురు మనుష్యుల బరువు, నిలుచును. అల విసరికొట్టినచో ఇంకను ఎక్కువ. 1628 ఆగస్టు 10న స్వీడను రాజుగారి క్రొత్త యుద్ధనౌక వాసా స్టాక్‌హోం రేవులో తెరచాప విప్పి ఒక మైలైనను పోకముందే గాలికి ఒరిగినది. తెరచియున్న ఫిరంగి కిటికీలనుండి నీరు చొచ్చినది. జనులు చూచుచుండగనే మునిగినది. 1961లో దానిని పైకి తీసిరి. 1979 ఆగస్టులో ఇంగ్లండునుండి ఫాస్ట్‌నెట్ దీవికి జరిగిన తెరచాప పందెములో 303 పడవలు బయలుదేరగా, తుపానులో 15 మంది పందెగాండ్రు మరణించిరి. కొన్ని పడవలలో గది ద్వారమునకు అడ్డముగా పెట్టు పలకలు ఊడి పోవుటచే సముద్రము సూటిగా లోనికి వచ్చినది. పడవకు ప్రతి వెలుతురు కన్నమును సముద్రమునకు ఒక గుమ్మమే.

మనవారి సంగతియు చెప్పవలెను. 2017 సెప్టెంబరు 10న గోవానుండి భారత నౌకాదళపు తెరచాప నావ తారిణి ఆరుగురు స్త్రీ అధికారులతో భూప్రదక్షిణకు వెడలినది. లెఫ్టినెంటు కమాండరు వర్తికా జోషి నాయకురాలు. ఆ ఆరుగురిలో విశాఖపట్టణపు స్వాతి పాతర్లపల్లి, హైదరాబాదు ఐశ్వర్య బొడ్డపాటి మన తెలుగువారు. 254 దినములు, 21,600 నాటికల్ మైళ్లు. 2018 జనవరిలో దక్షిణ అమెరికా కొననున్న కేప్ హార్నును చుట్టి, మే 21న గోవా చేరిరి. ఆ దక్షిణ సముద్రములలో చలికి వేళ్లు కొంకరలు పోవుచుండగా, పైనుండి అల డెక్కునంతటిని కప్పి పోవుచుండగా, 17 మీటర్ల నావలో పడకపై ఒకరు నిద్రించుచున్నారనిన, ఆ నిద్ర తలపైనున్న హాచ్ రబ్బరుపై ఆధారపడినది. మా బావమరది పడవ భీమిలి దాటి పోయినది ఒక్కమారే. అయినను న్యాయము అదియే.

హాచ్ మాటకు వత్తము. అది తెరచి మూయునది గనుక దాని సందులో లప్పము కాదు, రబ్బరు పట్టీ యుండును. ఏండ్లు గడచిన కొలది రబ్బరు నొక్కుకొనిపోయి, మరల పొంగదు. క్రొత్త పట్టీ పెట్టునపుడు దానిని సాగదీయరాదు. సాగిన రబ్బరు కొలది దినములలో వెనుకకు ముడుచుకొని అతుకు వద్ద నోరు తెరచును. కొంచెము పొడవుగానే కోసి, లోనికి నొక్కి కూర్చవలెను. అతుకు మూలలో రాకూడదు. తరువాత చట్రపు అంచున సుద్దముక్కతో గీసి, హాచ్ మూసి తెరచితిమి. పట్టీపై సుద్దగీత చుట్టును తెగకుండ పడినచో సరి. మాకు ఒక మూల బెత్తెడు మేర గీత లేదు. మడతబందు క్రింద ఒక పలుచని బిళ్ల వేసినంత గీత పూర్తియైనది.

పైపు పెట్టి నీటితో పరీక్షించునపుడు క్రిందినుండి మొదలిడి మీదికి పోవలెను. ముందే పైన పోసినచో నీరు అంతటను జారి ఏ సందు దోషియో తెలియదు. చుక్క పడిన చోటే చిల్లి కాదని పెంకుటింటిలో కాపురము చేసిన వారికి చెప్పనక్కరలేదు. వాసము వెంబడి నాలుగు మూరలు నడచివచ్చి మరీ చుక్క మంచముపై పడును.

పెంకుటిల్లు అనగా జ్ఞాపకము వచ్చినది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ వద్ద తీరము దాటినపుడు, ఇచ్చట గజపతినగరములో మా యింటి పడమటి కిటికీ అద్దము ఒక్కటియు పగులలేదు. ఎండి బీటలు వారిన లప్పపు సందులనుండి వాన చిమ్మనగ్రోవివలె గదిలోనికి కొట్టినది. అంతకుముందే వెలుతురుకని కప్పునకు వేయించిన గాజుపెంకు చుట్టును సిమెంటు మెత్తించితిమి. మరుసటి వేసవికే సిమెంటు విడిపోయి, దాని కొన పెంకును చీల్చినది. పడవ పని నేర్చిన తరువాత ఆ పెంకును మార్చి, ఈమారు సిమెంటు వేయింపక, పైవరుస పెంకుల క్రిందికి జానెడు దూర్చి, వదులుగా ఉంచితిమి. కారుట లేదు.

పది దినములు నిండిన సాయంకాలము బావమరదియు మేమును పడవలో పడుకొంటిమి. మబ్బు పట్టియున్నది. కిటికీల క్రింద, హాచ్ క్రింద బల్లలపై సుద్దపొడి పలుచగా చల్లితిమి. చుక్క పడినచో మచ్చ పడును. రాత్రి రెండు గంటలకు వాన పట్టుకొన్నది. తెల్లవారువరకు విడువలేదు. ఇరువురమును నిద్ర నటించితిమి గాని ఎవరును నిద్రించినట్లు లేదు. తెల్లవారి దీపము వేసి చూడగా కిటికీల క్రింద పొడి చెక్కుచెదరలేదు. హాచ్ క్రింద మాత్రము మూడు మచ్చలున్నవి.

"అయిపోయింది బావా, మళ్లీ మొదలు" అని బావమరది తల పట్టుకొన్నాడు. మేము లేచి హాచ్ పలకను అరచేతితో తడవి చూచితిమి. అంచున పొడిగానే యున్నది. పలక నడుమ లోపలివైపు అంతటను సన్నని చెమ్మ. రాత్రంతయు మూసిన గదిలో మా ఇరువురి ఊపిరియే చల్లని పలకకు తగిలి చెమర్చి, చుక్కలై రాలినది. హాచ్ తెరచితిమి. వాన వెలిసిన గాలి లోనికి వచ్చినది.